రీస్టోర్ చేసిన కారులో కంటికి కనపడని రేకుని తుప్పు నుంచి, రాళ్ళ దెబ్బల నుంచి ఎట్టా కాపాడుకోవాలి

పెయింట్ అయిపోయింది, రబ్బర్లన్నీ కొత్తవి వేయించినాం, ఇంక కింద అండర్‌బాడీ కోటింగ్ ఒకటి కొట్టిస్తే సరిపోతుందా అని అడిగేవాళ్ళు వారానికి ఇద్దరన్నా ఉంటారు. సరిపోదు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్తా ఉంటే సగం చెప్పి సగం మర్చిపోతా ఉన్నా, అందుకని మొత్తం ఒకచోట రాస్తున్నా. ఇది ముఖ్యంగా నెల్లూరు, ప్రకాశం వైపు ఉండేవాళ్ళ కోసం, ఎందుకంటే మన ఉప్పుగాలికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే వానకి లోపలి రేకు తినేసినంత తొందరగా లోతట్టు ఊళ్ళలో తినదు.

మాది కావలి. మా నాయన వాడిన మారుతి 800ని మొదటిసారి చేయించినప్పుడు నేను కూడా పైరంగే చూసుకున్నా. షాపులో కింద నల్లటి తారు కోటింగ్ మందంగా కొట్టి ఇచ్చారు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఆ ఏడు వానలు అయినాక బ్రేక్ కొట్టినప్పుడల్లా డోర్ల కింద గుడగుడమని నీళ్ళ చప్పుడు. జాకీ ఎత్తి చూస్తే రన్నింగ్ బోర్డు (డోర్ల కింద పొడుగునా ఉండే బోలు రేకు పెట్టె) కిందుండే నీళ్ళు పోయే కన్నాలన్నీ ఆ కోటింగ్‌తో మూసుకుపోయి ఉన్నాయి. స్క్రూడ్రైవర్‌తో ఒకటి పొడిస్తే ఎర్రటి నీళ్ళు చాలాసేపు కారినాయి. ఇంకో రెండేళ్ళకి ఆ రేకు వేలితో నొక్కితే లోపలికి పోయింది. పైన రంగు మాత్రం మెరుస్తానే ఉంది. రెండోసారి మొత్తం దగ్గరుండి చేయించినా, కొంత నేనే చేసుకున్నా, కింద రాసేది అంతా ఆ అనుభవమే.

ఒక్క విషయం మాత్రం మనసులో పెట్టుకోని మిగతాది చదవండి. లోపలి రేకుకి పూత కంటే ముందు కావాల్సింది నీళ్ళు బయటికి పోయే దారి. దారి లేకుండా ఎంత ఖరీదైన పూత పూసినా లోపల చెరువే.

మీ బండి ఏ దశలో ఉంది

ఇంకా టింకరింగ్‌లోనే ఉంది, పెయింట్ పడలేదు అంటే అదృష్టవంతులు, కింద స్టెప్పులన్నీ వరసగా చేయండి. పెయింట్ అయిపోయింది అంటే 1, 2, 8, 9 స్టెప్పులు చేయండి, 6వది పెయింట్ లేచిన చోట వరకు చేసుకోండి. పైరంగు పాడుచేసుకోవాల్సిన పనిలేదు.

వెల్డింగ్ ఇంకా మిగిలుంటే మాత్రం క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా రేకు లోపల కొట్టే మైనం లాంటి పూత) జోలికి పోవద్దు. వ్యాక్స్ కొట్టిన పెట్టె (రన్నింగ్ బోర్డు, డోరు లాంటి లోపల బోలుగా ఉండే రేకు భాగం) మీద వెల్డింగ్ పెడితే లోపల మంట అంటుకుంటుంది, ఇది నిజంగా జరిగే పని.

కావాల్సినవి

- టూకే (2K, అంటే హార్డ్‌నర్ కలిపి వాడే రెండు డబ్బాల రకం) ఎపాక్సీ ప్రైమర్, దాని హార్డ్‌నర్, ఆ కంపెనీ చెప్పిన థిన్నర్. రెడాక్సైడ్ (గేట్లకి పూసే ఎర్రటి ప్రైమర్) కాదు.
- పాలీయురేథేన్ సీమ్ సీలర్ (రేకుల అతుకులు మూసే పేస్టు) ట్యూబులు, గన్ను.
- పైన రంగు వేసుకోడానికి వీలయ్యే రకం స్టోన్‌చిప్ కోటింగ్ (రాళ్ళ దెబ్బలు తట్టుకునే పూత), దాన్ని కొట్టే గన్ను.
- క్యావిటీ వ్యాక్స్. నా 800కి 500 మి.లీ. డబ్బాలు 5 పట్టినాయి, అంబాసిడర్ లాంటి పెద్ద బండికి ఇంకా ఎక్కువే పడుతుంది.
- ఆ వ్యాక్స్ డబ్బాకి తగిలించే పొడుగాటి సన్నటి గొట్టం, చివర చుట్టూరా చిమ్మే నాజిల్ ఉండేది. ఇది లేకుండా వ్యాక్స్ కొనొద్దు.
- ఫోన్‌కి తగిలించుకునే చిన్న కెమెరా వైరు. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, సన్నగా ఉండేది తీసుకోండి, కన్నంలో దూరాలి కదా.
- వైరు బ్రష్షులు, స్ట్రిప్పింగ్ డిస్కు, 80, 180 నంబర్ ఎమ్రీ, డీగ్రీజర్, దారాలు ఊడని తెల్ల గుడ్డలు.
- కంప్రెసర్, నీళ్ళు వడగట్టే ఫిల్టర్‌తో.
- వాసన ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు, కళ్ళద్దాలు, నైట్రైల్ గ్లౌజులు.

మాస్కు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. మన పెయింటర్లు మూతికి కర్చీఫ్ కట్టుకోని కొడతారు, అది దుమ్మునే సరిగా ఆపదు. టూకే టాప్‌కోట్, క్లియర్ హార్డ్‌నర్లలో ఐసోసైనేట్ ఉంటుంది, ఊపిరితిత్తులకి ఒకసారి పడకపోవడం మొదలైతే జన్మంతా ఉబ్బసం లాగా వెంటాడుతుంది. ఎపాక్సీ హార్డ్‌నర్ చర్మానికి పడదు. మీ పెయింటర్ దగ్గర మాస్కు లేకపోతే మీరే ఒకటి కొనిపెట్టండి, బండి మీద పెట్టే ఖర్చులో అది లెక్కలోకి కూడా రాదు.

ఎప్పుడు చేయాలి

ఫిబ్రవరి నుంచి మే లోపల. అక్టోబర్ తర్వాత మొదలుపెడితే వానలు ఎప్పుడు ఆగుతాయో, ఏ తుఫాను ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. ఎండాకాలంలో కూడా మధ్యాహ్నం దాటినాక సముద్రం గాలి తిరుగుతుంది, మనకి ఆ గాలి చల్లగా హాయిగా ఉంటుంది గానీ దాంట్లో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. ప్రైమర్ కొట్టే పని పొద్దున మంచు ఆరినాక మొదలుపెట్టి ఆ గాలి తిరిగేలోపు ముగించండి. తేమ చూపించే చిన్న డిజిటల్ మీటర్ ఒకటి పక్కన పెట్టుకోండి, 85 శాతం దాటితే ఆపేయండి. రోహిణి కార్తె ఎండలో అయితే ఇంకో సమస్య, కలిపిన ప్రైమర్ గిన్నెలోనే గట్టిపడుతుంది, కాబట్టి 200 మి.లీ. చొప్పున కొంచెం కొంచెమే కలుపుకోండి.

1. విప్పండి, మంచినీళ్ళతో కడగండి

సీట్లు, కార్పెట్, డోర్ ట్రిమ్ము, డిక్కీ మ్యాట్, చక్రాల వెనకుండే ప్లాస్టిక్ కవర్లు అన్నీ తీసేయండి. ఫ్లోర్ మీద తారు షీట్లు అతికించి ఉంటే వాటి అంచు లేపి చూడండి, ముందు అద్దం రబ్బరు కారితే నీళ్ళు సరాసరి ఆ షీటు కిందకే పోయి కూర్చుంటాయి, పైన కార్పెట్ ఆరిపోయినా కింద తడి నెలలపాటు ఉంటుంది. ఎక్కడ ఊడివస్తే అక్కడ పూర్తిగా తీసేయండి, హీట్‌గన్ పెట్టి పట్టీతో గీకితే వస్తుంది.

మట్టి ఎక్కువ ఇరుక్కునే చోట్లు ఇవి, ఒక్కటి కూడా వదలొద్దు. హెడ్‌లైటు వెనక గిన్నె, ముందు మడ్‌గార్డు లోపల డోర్ వైపు కింది మూల, వైపర్ల కింద జాలీ లోపల, బ్యాటరీ ట్రే కింద, వెనక చక్రం పైన మడత, డిక్కీలో స్టెప్నీ గుంట, టెయిల్ లైట్ల కింద జేబులు. చీమకుర్తి రోడ్డు మీద గ్రానైటు టిప్పర్ల వెనక తిరిగే బండైతే ఆ రాతిపొడి తడిసి ఎండి సిమెంటు లాగా అతుక్కోని ఉంటుంది, నానబెట్టి చెక్క పుల్లతో గీకాల్సిందే.

ఇప్పుడు నీళ్ళ సంగతి. తీరం దగ్గర చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పు. తుమ్మలపెంట వైపు గానీ మైపాడు వైపు గానీ కొత్తపట్నం వైపు గానీ ఇంట్లో బోరు వేసి బండి కడుగుతా ఉంటే మనమే ఉప్పు లోపలికి పోస్తున్నట్టు. మొదటి కడుగుడు బోరు నీళ్ళతో చేసినా చివరిగా పెట్టెల లోపల కడిగేది మాత్రం మంచినీళ్ళ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు నాలుగైదు తెచ్చి వాటితో కడగండి. రొయ్యల గుంటల గట్ల మీద రోజూ తిరిగే బండికి ఇది మరీ ముఖ్యం, ఆ మట్టి మొత్తం ఉప్పే.

కడిగినాక కంప్రెసర్ గాలి ప్రతి కన్నంలో కొట్టి, డోర్లు డిక్కీ బానెట్ తెరిచిపెట్టి రెండు రోజులు ఎండలో వదిలేయండి. ఈ రెండు రోజులు ఓపిక పట్టలేకే చాలామంది చెడగొట్టుకుంటారు.

2. నీళ్ళు పోయే కన్నాలన్నీ లెక్కపెట్టండి

ప్రతి డోర్ కింది అంచులో, రన్నింగ్ బోర్డు కింద, వైపర్ జాలీ రెండు చివర్ల, డిక్కీ గుంటలో, బానెట్ కింది ఫ్రేములో కన్నాలు ఉంటాయి. టింకరింగ్‌లో పుట్టీతోనో వెల్డింగ్‌తోనో కొన్ని మూసుకుపోయి ఉంటాయి, పాత రేకు కోసి కొత్తది పెట్టిన చోట అసలు కన్నమే పెట్టి ఉండరు. కుడివైపు ఎన్ని ఉన్నాయో ఎడమవైపు అన్నీ ఉన్నాయా అని పోల్చుకోండి, ఇంతకంటే సులువైన పరీక్ష లేదు. లేకపోతే ఆ పెట్టెలో అన్నిటికంటే పల్లంగా ఉండే చోట 8 మి.మీ. బిట్టుతో వేయించండి, అంచు అరగదీసి ఎపాక్సీ పూయించండి.

తర్వాత పరీక్ష. అద్దం రబ్బరు పక్కనుంచి డోర్ లోపలికి లీటరు నీళ్ళు పోయండి. పోసినంతా కిందనుంచి ధారగా రావాలి. చుక్కచుక్కగా వస్తా ఉంటే లోపల మట్టి అడ్డం ఉన్నట్టు. వైపర్ జాలీలో కూడా ఇట్టనే పోసి, నీళ్ళు కారు లోపల కాళ్ళ దగ్గరికి వస్తున్నాయా బయటికి పోతున్నాయా చూడండి. ప్రతి కన్నానికి ఫోటో తీసి పెట్టుకోండి, 9వ స్టెప్పులో పనికొస్తుంది.

3. తుప్పు తీయండి, కప్పొద్దు

బయటి రేకు చెయ్యి పట్టే చోటల్లా స్ట్రిప్పింగ్ డిస్కుతో తెల్లరేకు (రంగు, తుప్పు లేని ఒట్టి రేకు) వచ్చేదాకా తీయండి. వైరు బ్రష్షు ఒక్కటే వాడితే తుప్పు మెరుగెక్కి నున్నగా కనపడుతుంది, పోయిందనుకుంటారు, చిన్న చిన్న గుంటల్లో నల్లగా అట్టనే ఉంటుంది. గోరుతో గీకితే తెలియదు, 80 నంబర్ ఎమ్రీతో రుద్ది ఎండలో వంచి చూడండి.

సూదితో పొడిస్తే దిగే రేకు ఉంటే దాని మీద ఏ మందూ పనిచెయ్యదు, కోసి కొత్తది పెట్టించండి. ఫైబర్ గుడ్డ, పుట్టీ పెట్టి సరిచేస్తా అనే మేస్త్రి మాట వినొద్దు. లోపలనుంచి తడి వస్తానే ఉంటుంది, ఏడాదిలో పొంగుతుంది.

తుప్పుని నల్లగా మార్చే రస్ట్ కన్వర్టర్ వాడొచ్చా అని అడుగుతారు. రుద్దినా పోని గుంటల్లో మాత్రం, డబ్బా మీద రాసినట్టు వాడండి. ఫాస్ఫారిక్ యాసిడ్ రకం అయితే ఆ యాసిడ్ మిగలకుండా కడిగి ఆరబెట్టినాకే ఎపాక్సీ వేయాలి, లేకపోతే ఎపాక్సీ పట్టు వదిలేసి తోలులాగా లేస్తుంది.

రన్నింగ్ బోర్డు కొత్తది వెల్డింగ్ చేయించేవాళ్ళు ఇది మేస్త్రికి ముందే చెప్పాలి. రేకు మూసేముందు లోపలివైపు ఎపాక్సీ కొట్టి ఆరనివ్వండి, రెండు రేకులు కలిసే అంచుల మీద మాత్రం జింకు ఉండే వెల్డింగ్ ప్రైమర్. మూసినాక మనం ఎంత తలకిందులైనా లోపలికి బ్రష్షు పోదు. నా మేస్త్రి "లోపల ఎవరు చూస్తారన్నా" అన్నాడు. ఎవరూ చూడరు, అందుకే చేయాలి అని పక్కన నిలబడి చేయించుకున్నా.

4. ఎపాక్సీ ప్రైమర్

తుప్పు తీసిన రేకుని ఆ రోజే ప్రైమర్ కింద పెట్టేయాలి. మన గాలికి రాత్రంతా వదిలేస్తే పొద్దునకి ఎర్రటి పొర కనపడుతుంది. ఒకేసారి బండంతా తెల్లరేకు చేసుకోని కూర్చోవద్దు, ఒక్కరోజులో ప్రైమర్ కొట్టగలిగినంత భాగమే తీయండి.

డీగ్రీజర్‌తో ఒక గుడ్డతో తుడిచి, ఆరకముందే ఇంకో పొడిగుడ్డతో తుడవండి. ఒకే గుడ్డ వాడితే జిడ్డు ఆ చివర నుంచి ఈ చివరకి పూసినట్టే. తుడిచినాక ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, చేతి చెమటలో కూడా ఉప్పే.

కలిపే పాళ్ళు కంపెనీని బట్టి మారతాయి, డబ్బా మీద చూడండి, పెయింటర్ కంటి అంచనాకి వదలొద్దు, గీతలు ఉన్న కొలత గ్లాసు వాడండి. హార్డ్‌నర్ ఎక్కువ పోస్తే తొందరగా ఆరుతుంది అనేది తప్పు, పెళుసు అవుతుంది. రెండు కోట్లు. మూలలకి, వెల్డింగ్ గాట్లకి ముందు చిన్న బ్రష్షుతో పూసి తర్వాత గన్నుతో కొట్టండి, గన్ను గాలి మూలల్లో తిప్పికొట్టి సందు వదిలేస్తుంది.

కంప్రెసర్ ట్యాంకు కింద కుళాయి రోజూ పొద్దున తిప్పి నీళ్ళు వదలండి. మన వాతావరణంలో గ్లాసెడు నీళ్ళు రావడం మామూలే, అవి ప్రైమర్ కింద చుక్కలుగా పడితే తర్వాత పొక్కులు వస్తాయి.

రెడాక్సైడ్ చవక కదా అంటారు. గేట్లకి, గ్రిల్స్‌కి సరే. దాని మీద టూకే పెయింట్ పడితే థిన్నర్‌కి ముడతలు పడి లేచే ప్రమాదం ఉంది, తేమని ఎపాక్సీ ఆపినంతగా ఆపదు కూడా.

ఆరినాక పరీక్ష: ఒక పనికిరాని రేకు ముక్క మీద అదేరోజు అదే ప్రైమర్ కొట్టి పెట్టుకోని ఉండండి. వారం తర్వాత బ్లేడుతో దాని మీద అడ్డం నిలువు గీతలు గీసి, గట్టి టేపు అంటించి లాగండి. గళ్ళు ఊడి టేపుకి వస్తే మీ తుడవడంలోనో కలపడంలోనో తప్పుంది. బండి మీద గీసుకోవాల్సిన పనిలేదు.

5. అతుకులకి సీమ్ సీలర్

రెండు రేకులు కలిసే ప్రతి అతుకులో నీళ్ళు పైకి కూడా పాకతాయి, దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు. అందుకే ఫ్లోర్ అతుకులు, చక్రం గిన్నె చుట్టూ, డిక్కీ మూలలు, ఇంజను గదిలో సస్పెన్షన్ బిగించే టవర్ల చుట్టూ సీలర్ పెట్టాలి. ఎపాక్సీ మీదే పెట్టాలి, ఒట్టి రేకు మీద కాదు. ట్యూబుతో గీత లాగి, థిన్నర్‌లో ముంచిన బ్రష్షుతో అతుకులోకి నొక్కండి, ఊరికే పైన తాడులాగా పడి ఉంటే దాని కింద నీళ్ళు చేరతాయి.

ఇక్కడ రెండు తప్పులు. బాత్రూముకి వాడే సిలికాన్ పెట్టేయడం ఒకటి. ట్యూబు తెరిస్తే వెనిగర్ పులుపు వాసన వస్తుందే, అది ఎసిటిక్ యాసిడ్, రేకుని అదే తుప్పు పట్టిస్తుంది, దాని మీద పెయింట్ కూడా నిలవదు. ఒకసారి సిలికాన్ తగిలిన చోట మళ్ళీ ఏదీ అతకదు, తీయడం నరకం. రెండోది, డోర్ కింది అంచు మడతకి లోపల సీలర్ పెడుతూ నీళ్ళ కన్నం మీదుగా లాగేయడం. సీలర్ పెట్టేముందు కన్నాల్లో చీపురు పుల్లలు గుచ్చిపెట్టుకోండి, తర్వాత లాగేస్తే కన్నం తెరిచే ఉంటుంది.

6. రాళ్ళ దెబ్బలకి స్టోన్‌చిప్

ఎక్కడ కావాలి: చక్రం గిన్నెల లోపల, రన్నింగ్ బోర్డు కింది సగం, ముందు బంపర్ కింద రేకు, వెనక చక్రం ముందుండే మూల. 16వ నంబర్ హైవే మీద లారీ వెనక పోయేవాళ్ళకి, క్వారీ రోడ్ల మీద తిరిగేవాళ్ళకి ఈ చోట్లే ముందు పోతాయి. కంకర దెబ్బకి గోరంత పెయింట్ లేస్తుంది, అక్కడినుంచి ఉప్పునీళ్ళు పెయింట్ కింద పాకతాయి.

తారు రకం కొనొద్దని నేను అందరికీ చెప్తా. ఎండకి మెత్తబడుతుంది, పాతబడితే పగులుతుంది, పగిలిన సందులో నీళ్ళు పోయి లోపల నిలబడతాయి, పైనుంచి ఏమీ కనపడదు. దాని మీద రంగేస్తే గోధుమరంగు మరకలు పైకి వస్తాయి. రబ్బరు రకం గానీ పాలీయురేథేన్ రకం గానీ, పైన పెయింట్ వేసుకోవచ్చు అని డబ్బా మీద రాసి ఉండేది తీసుకోండి.

ముందు మాస్కింగ్. బ్రేక్ డిస్కు, డ్రమ్ము, బ్రేక్ పైపు రబ్బర్లు, బుష్షులు, సైలెన్సర్, జాకీ పాయింట్లు, నట్లు, నీళ్ళ కన్నాలు. కన్నాలకి పుల్లలో, చిన్న చిన్న థర్మోకోల్ ముక్కలో పెట్టండి. సైలెన్సర్ మీద పడితే వేడికి కాలి వాసన, పొగ.

ఎపాక్సీని 180తో లైటుగా రుద్ది, తుడిచి, 45 నుంచి 60 పీఎస్ఐ మధ్య ఒక అడుగు దూరం నుంచి కొట్టండి. గాలి ఎక్కువైతే గింజ సన్నగా, తక్కువైతే ముద్దగా పడుతుంది, ముందు అట్టముక్క మీద చూసుకోండి. పల్చగా రెండు కోట్లు, మధ్యలో ఆరనిచ్చి. ఒకేసారి మందంగా కొడితే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఇక్కడ మందం ఎక్కువైతే బలం ఎక్కువ అనుకోవద్దు, మూలల్లో, అతుకుల్లో మాత్రం ఖాళీ లేకుండా ఉందా చూసుకోండి.

గన్ను లేనివాళ్ళు స్ప్రే డబ్బాలతో కూడా చేయొచ్చు, చిన్న చోట్లకి సరిపోతుంది.

7. రంగు

దీని గురించి ఎక్కువ చెప్పను, మీ పెయింటర్‌కే బాగా తెలుసు. స్టోన్‌చిప్ మీద కూడా బాడీ రంగు వేయించండి, ఒకటి అది ఎండకి తట్టుకుంటుంది, రెండు, లేతరంగు మీద తుప్పు మొదలైతే వెంటనే కనపడుతుంది. నల్లటి దాని మీద కనపడదు. డోర్ల లోపల, డిక్కీ లోపల కూడా కనీసం ఒక కోటు పడాలి, ప్రైమర్‌తో వదిలేసే అలవాటు ఉంది మన షాపుల్లో.

8. పెట్టెల లోపల వ్యాక్స్

పెయింట్ అంతా అయిపోయి, కనీసం రెండు మూడు వారాలు ఆరినాక. ముందే కొడితే వ్యాక్స్ ఆవిరి, జిడ్డు అతుకుల్లోంచి కారి పెయింట్ పాడైపోతుంది.

బ్యాటరీ వైరు తీసేయండి. చుట్టుపక్కల బీడీ, సిగరెట్, వెల్డింగ్, గ్రైండింగ్ ఏవీ వద్దు. ఆవిరి కిందకే చేరి ఉంటుంది కాబట్టి ఇంటి షెడ్డు తలుపులు మూసి చేయొద్దు, నీడలో బయట చేయండి. సీట్ బెల్టు చుట్టుకునే రీలు, డోర్ అద్దం దిగే పట్టాలు, స్పీకర్లు కాగితంతో కప్పండి. వ్యాక్స్ డబ్బా గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు ఉంచితే బాగా పల్చగా పాకుతుంది, పొయ్యి మీద మాత్రం పెట్టొద్దు.

గొట్టం పొడుగు పెట్టె చివరిదాకా తోసి, నొక్కి పట్టుకోని నిదానంగా వెనక్కి లాగండి, మూడు సెకన్లకి జానెడు లెక్కన. తోసేటప్పుడు కొట్టొద్దు, లాగేటప్పుడే కొట్టండి. గొట్టం మీద ముందే స్కెచ్ పెన్నుతో ఒక గీత పెట్టుకుంటే బయటికి వచ్చేసే ముందు తెలుస్తుంది, లేకపోతే మొహం మీద చిమ్ముతుంది.

వరస ఇట్టా పెట్టుకోండి: రన్నింగ్ బోర్డులు, నాలుగు డోర్ల అడుగు, డోర్ల మధ్య స్తంభాల అడుగు, ముందు మడ్‌గార్డు వెనక మూల, కింద పొడుగాటి ఛాసిస్ పెట్టెలు, బానెట్, డిక్కీ మూత అంచులు, టెయిల్ లైట్ల జేబులు. డోర్‌లో ముఖ్యం అడుగు మడత, పైన కొట్టినా కొట్టకపోయినా పర్లేదు. చెయ్యి పెట్టి ప్రైమర్ వేయలేని పాత పెట్టెల్లో తుప్పు పొడి మొత్తం గాలితో ఊదేసి, ముందు పల్చగా పాకే రకం ఒక కోటు, మర్నాడు మందం రకం ఒక కోటు కొట్టండి. ఉన్న తుప్పు పోదు గానీ తడి, గాలి తగలకపోతే నెమ్మదిస్తుంది.

వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో డీజిల్ కలిపి కొట్టేస్తారు కదా, అది సరిపోదా అని పెద్దవాళ్ళు అడుగుతారు. మా నాయన కూడా అదే కొట్టించేవాడు, ఆ రోజుల్లో ఇంకేం దొరికేది కాదు. ఆ నూనెలో ఆమ్లాలు, లోహపు పొడి ఉంటాయి, రబ్బరు బుష్షులు ఉబ్బుతాయి, మొదటి వానకి కారిపోతుంది, మట్టిని అంటించుకుంటుంది, కారిన చోట నేల పాడవుతుంది. అంత ఖర్చు పెట్టుకోలేం అంటే రన్నింగ్ బోర్డులకి, డోర్ల అడుగుకి మటుకే వ్యాక్స్ కొట్టించండి, రెండు మూడు డబ్బాల్లో అయిపోతుంది.

9. కన్నాలు మళ్ళీ తెరవండి

కొట్టినాక బండిని ఒక రాత్రి ముందుభాగం ఎత్తుగా, మర్నాడు వెనకభాగం ఎత్తుగా నిలబెట్టండి, వ్యాక్స్ రెండు చివర్లకి పాకుతుంది. కింద అట్టలు పరచండి. కారడం ఆగినాక, ముందు తీసిన ఫోటోలు పెట్టుకోని ఒక్కొక్క కన్నం సన్నటి తీగతో పొడిచి తెరవండి. లెక్క తగ్గిందంటే ఎక్కడో మూసేసినట్టే. గొట్టం దూర్చిన కన్నాలకి రబ్బరు ప్లగ్గులు పెట్టండి, నీళ్ళ కన్నాలకి మాత్రం పెట్టొద్దు, ఈ రెండిటినీ కలిపేసుకునేవాళ్ళు చాలామంది.

సరిగ్గా పడిందో లేదో చూసుకోవడం

కెమెరా వైరు లోపలికి పంపి చూడండి. వ్యాక్స్ పడిన చోట తడిగా మెరుస్తా ఉంటుంది, వదిలేసిన చోట మొద్దుగా కనపడుతుంది. నేను మొదట చూసినప్పుడు రన్నింగ్ బోర్డు పై మూల మొత్తం ఖాళీ, గొట్టం అడుగునే పాకింది. చివర కొంచెం వంచి మళ్ళీ కొట్టినా.

బయట నుంచి అయితే డోర్ కింది మడత అంచుల్లో సన్నటి వ్యాక్స్ గీత బయటికి ఊరి ఉండాలి. అదే రుజువు, తుడిచెయ్యొద్దు. పెయింట్ మీద పడిన చుక్కలు వరకు వైట్ స్పిరిట్ గుడ్డతో తీసేయండి.

చేయించిన బండి కొంటున్నవాళ్ళయితే పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం డోర్ల అడుగున, చక్రాల అంచున పెట్టి చూడండి, పట్టకపోతే అక్కడ పుట్టీనే. పెయింట్ మందం చూసే మీటర్ దొరికితే మంచిది, కంపెనీ పెయింట్ సుమారు 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది, వెయ్యి దాటి చూపిస్తే కింద పుట్టీ ఉన్నట్టు. స్టోన్‌చిప్ కొట్టిన చోట కూడా ఎక్కువ చూపిస్తుంది, అది చూసి భయపడొద్దు.

తర్వాత ఏడాదికి ఒకసారి

సెప్టెంబర్‌లో, వానలకి ముందు ఒక ఆదివారం పెట్టుకోండి. కన్నాలన్నీ తీగతో పొడవండి, ఒక్కో డోర్‌లో లీటరు నీళ్ళు పోసి చూడండి, చక్రం గిన్నెలు కడిగి రాయి తగిలి లేచిన చోట్లు వెతకండి. లేచిన చోట రేకు కనపడితే అదే రోజు ఎమ్రీ రుద్ది, చిన్న బ్రష్షుతో ఎపాక్సీ, పైన స్టోన్‌చిప్. చక్రాలకి మట్టి ఆపే రబ్బర్లు లేకపోతే పెట్టించండి, వాటి స్క్రూ కన్నాల అంచుకి ప్రైమర్ పూయకుండా బిగించొద్దు, మా వీధిలో ఒక అంబాసిడర్‌కి తుప్పు సరిగ్గా ఆ స్క్రూల దగ్గరే మొదలైంది.

బీచ్‌కి పోయి వచ్చిన రోజు, తుఫాను నీళ్ళలో నడిపిన రోజు ఇంటికి రాగానే కింద మంచినీళ్ళతో కడగండి, మర్నాటికి వదలొద్దు. కడిగిన వెంటనే కవర్ కప్పేయొద్దు, ఆరినాకే కప్పండి. వ్యాక్స్ రెండు మూడేళ్ళకి ఒకసారి కెమెరాతో చూసి పల్చబడిన చోట మళ్ళీ కొట్టుకుంటే చాలు, పాతది తీయక్కర్లేదు, దాని మీదే కొట్టొచ్చు.